గోలు ముందు గుమ్మడి పాదు

జాతీయ నాకౌట్ కప్పు మొదటి రౌండు జరిగే ఆదివారం పొద్దున, క్లబ్బు కార్యదర్శి ఎప్పటిలాగే ఓటమి ఏర్పాట్లు చూసుకుంటున్నాడు. ఆ కప్పులో ఒక్క ఆట ఓడితే చాలు, మూట కట్టుకుని ఇంటికి రావలసిందే. ఆ ఊరి జట్టుకు ఆ ముచ్చట ఏటా మొదటి ఆటలోనే తీరిపోయేది. అందుచేత క్లబ్బులో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఆట అయిన మర్నాడు గోలు వలలు ఉతికి ఆరేస్తారు. ఆ మర్నాడు గోలు స్తంభాలు పీకి అధ్యక్షులవారి గోడౌనులో పడేస్తారు. తర్వాత మైదానం గేటుకు తాళం వేసి, తాళంచెవిని కార్యదర్శి ఇంట్లో మేకుకు తగిలిస్తారు. మళ్ళీ ఏడాది దాకా దాన్ని కదిపే అవసరం ఎవరికీ ఉండదు.

కార్యదర్శికి బజారులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఊరందరికీ దూరపు చూపు సరిచేసే మనిషే గానీ, తన ముందుచూపు సంగతి మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. ఆయన భార్య ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె చేత సూది పొడిపించుకోని వాళ్ళు ఊళ్ళో లేరు గనుక ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్ళూ లేరు. అటువంటి మనిషికి ఏడాదికొక్కరోజు మాత్రం తల వంచుకోవలసి వచ్చేది. అది కూరగాయల ప్రదర్శన రోజు.

ఆమెకు గుమ్మడికాయలు పెంచడమంటే ప్రాణం. ఉన్నదేమో రెండో అంతస్తులో ఇల్లు, బాల్కనీలో తొట్టెలు. ఆ తొట్టెల్లో ఎంత సేవ చేసినా కాయ కొబ్బరికాయను మించేది కాదు. తోడికోడలికి, అంటే కార్యదర్శి అన్నగారి భార్యకు, ఇంటి వెనక బోలెడంత పెరడు. ఆవిడ కాయను ఇద్దరు మోసుకొచ్చేవారు. ఏటా మొదటి బహుమతి ఆవిడదే. అది సరే, ఓడిపోవడం క్లబ్బు వారి ఇంట్లో కొత్తేమీ కాదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, బహుమతి పోయినందుకు కాక ఆ తర్వాత వదినగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని నవ్వే నవ్వుకు ఆమెకు రెండు రోజులు అన్నం సహించేది కాదు.

పెళ్ళైన దగ్గర్నుంచీ కార్యదర్శి, "వచ్చే ఏడు పెరడున్న ఇల్లు చూస్తా" అంటూనే ఉన్నాడు. ఆ వచ్చే ఏడు రాలేదు. ఆ ఆదివారం ఆయన సంచీలో తువ్వాలు, నొప్పుల మందు సర్దుకుంటూ ఉండగా భార్య మేకు వైపు చూసింది.

"ఆట అయిపోయాక ఆ మైదానం ఖాళీయే కదండీ?"

"రేపట్నుంచి ఖాళీయే."

"రేపటి దాకా ఎందుకు? ఆట ఎలాగూ పక్క ఊళ్ళోనాయె. ఇవాళ నాకు సెలవు. గింజలు నానబెట్టి ఉంచాను."

కార్యదర్శి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జన్మలో మొదటిసారి భార్య అడిగింది చేతిలో పెట్టే అవకాశం వచ్చింది. తాళంచెవి తీసి ఇచ్చి, "నీదే అనుకో. ప్రదర్శన అయ్యేదాకా దాని ఊసు ఎవరూ ఎత్తరు" అన్నాడు. అంత గొప్ప మాట అన్నందుకు దారి పొడుగునా ఆయన ఛాతీ కాస్త ముందుకే ఉంది.

ఆ రోజు జట్టు గెలిచింది. ఎలా గెలిచిందంటే, జట్టు కెప్టెన్, ఆయన ప్లంబరు, ఎదుటి గోలు ముందు వంగి బూటు తాడు కట్టుకుంటూ ఉండగా ఎవరో తన్నిన బంతి ఆయన వీపుకు తగిలి వలలో పడింది. ఈల ఊదేశారు. గెలిస్తే ఏం చేయాలో మనవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. అలవాటు కొద్దీ ఎదుటి జట్టు దగ్గరికి వెళ్ళి ఓదార్పు కోసం నిలబడ్డారు.

మర్నాడు కార్యదర్శి మైదానానికి పరుగెత్తాడు. కుళాయికి దగ్గరగా ఉన్న గోలు ముందు, సరిగ్గా పెనాల్టీ కొట్టే చోట, భార్య పాదు చేసి గింజలు పెట్టేసింది. మోచేతుల దాకా మట్టి, ముఖం నిండా నవ్వు. "ఇన్నేళ్ళూ మీవాళ్ళు బూట్లతో దున్ని దున్ని నేలను ఎంత గుల్ల చేశారో చూడండి. ఈసారి అక్కయ్య ఎలా నవ్వుతుందో చూస్తాను" అంది. ఆ ముఖం చూశాక కార్యదర్శి పాదు సంగతి పక్కన పెట్టేశాడు. చివరికి, మొహమాటంగా, జట్టు గెలిచిందని మాత్రం చెప్పాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. "అయితే పాదు పీకెయ్యాలా?"

"అబ్బే, గెలిచిన జట్టు తర్వాత ఆటలన్నీ బయట ఊళ్ళల్లోనే ఆడాలి. రూలది."

అలాంటి రూలు భూప్రపంచంలో ఎక్కడా లేదు. ఎవరి ఊళ్ళో ఆడాలన్నది చీటీల్లో తేలుతుంది. కానీ ఆమెకు బంతాట గురించి తెలిసిందల్లా దాని వల్ల విరిగే ఎముకలే గనుక నమ్మేసింది. పోనీలే, వచ్చే రౌండులో ఎలాగూ ఓడతాం, అబద్ధం దానంతటదే నిజమైపోతుందని కార్యదర్శి ధైర్యం చెప్పుకున్నాడు. ఆ జట్టు మీద ఆయనకున్న నమ్మకం అటువంటిది.

ఒక అబద్ధానికి తోడు కావాలంటే ఇంకోటి పుట్టించాలి. సాయంత్రం ప్లంబరు షాపుకు వచ్చి, సాధన చేసుకుంటాం, గేటు తాళం ఇప్పించమన్నాడు. కార్యదర్శి ఒక కళ్ళజోడు తుడుస్తూ, మైదానంలో కొత్త గడ్డి వేయించానని, అది వేరు పట్టేదాకా చీమ కూడా అడుగు పెట్టకూడదని చెప్పాడు. ప్లంబరు కళ్ళు చెమర్చాయి. ఒక్క గెలుపుకే ఇంత చేసిన కార్యదర్శి ఏ క్లబ్బుకున్నాడని జట్టు మొత్తం అనుకుని, నోరెత్తకుండా బడి ఆవరణలో ఆడుకోవడం మొదలుపెట్టింది. కార్యదర్శి ఎందుకైనా మంచిదని కంచె చుట్టూ టార్పాలిన్లు కట్టించాడు.

టార్పాలిన్లు కడితే జనం ఊరుకుంటారా? లోపల ఉన్నది తివాచీ లాంటి గడ్డి అన్నారు. విదేశం నుంచి తెప్పించారన్నారు. ఈ మాట క్లబ్బు అధ్యక్షుడి చెవిన పడింది. అధ్యక్షుడంటే ఎవరో కాదు, కార్యదర్శి అన్నగారే. ఫర్నిచర్ షాపు, నిలువెత్తు మనిషి, తమ్ముణ్ణి ఎవరైనా పొగిడితే ఆ పొగడ్తలో సగం తన ఖాతాలో వేసుకునే స్వభావం. "మావాడు చెప్పి చేసే రకం కాదు, చేసి చూపించే రకం" అని బజారంతా చాటి, తన వంతుగా ఇంటి పెరట్లో వదినగారు రెండేళ్ళుగా మాగబెట్టుకున్న ఎరువు కుప్పను ఆవిడ ఊళ్ళో లేని రోజు చూసి బండికెత్తించి మైదానానికి పంపించారు. కార్యదర్శి గేటు దగ్గరే దింపించుకున్నాడు. భార్య ఆ ఎరువును పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, ఇలాంటి సరుకు ఎక్కడ దొరికిందండీ అని మురిసిపోయింది. కార్యదర్శి దగ్గుతూ పక్కకు వెళ్ళాడు.

రెండో రౌండు చీటీల్లో బయట ఊరే వచ్చింది. రేడియో ముందు ఊరంతా నిరాశ పడుతుంటే కార్యదర్శి ఒక్కడే ఊపిరి పీల్చుకున్నాడు. ఎదుటివాళ్ళ పెనాల్టీ స్తంభానికి తగిలి మనవాళ్ళు ఆ ఆట కూడా గెలిచారు. అప్పటికి పాదు పూతకొచ్చింది. ఆమె ఆసుపత్రి దూదితో మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకు అద్ది, నిలిచిన పిందెల్లో బలమైనదాన్ని ఒక్కదాన్నే ఉంచి తక్కినవన్నీ తుంచేసింది. మూడో రౌండు కూడా బయటే. అదీ గెలిచారు. ఇరుకైన బడి ఆవరణలో ఆడీ ఆడీ మనవాళ్ళకు బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకోవడం అలవాటైందని, అదే గెలిపిస్తోందని తెలిసినవాళ్ళు అన్నారు. గుమ్మడికాయ ఆ సరికి పీట అంత అయింది. దానికి ఎండుగడ్డి పరుపు వేసి, ఎండ తగలకుండా గొడుగు కట్టి, రోజూ డ్యూటీ దిగగానే వెళ్ళి టేపుతో చుట్టుకొలత తీసేది. ఇంటికొచ్చి ఆ లెక్క చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఉండే సంబరం విని కార్యదర్శికి ఒకపక్క ఆనందం కలిగేది, ఒకపక్క వచ్చే చీటీల బెంగ పట్టుకునేది.

క్వార్టర్ ఫైనల్ చీటీలు తీసిన రోజు ఆయన షాపులో ఒకాయనకు అద్దాలు బిగిస్తున్నాడు. రేడియో చెప్పింది: ఎదుటి జట్టు కిందటేటి విజేతలు, దేశంలోకెల్లా పెద్ద జట్టు. ఆట జరిగేది ఈ ఊళ్ళో, మన సొంత మైదానంలో. బజారంతా ఒక్కసారి హోరెత్తిపోయింది. ఆ హోరులో కార్యదర్శి కుడికన్ను అద్దం ఎడమకూ, ఎడమది కుడికీ బిగించి ఆ పెద్దమనిషిని సాగనంపాడు. ఆయన మెట్ల మీద తడబడి, ఊళ్ళో జనం రెండింతలయ్యారని సంతోషపడుతూ వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్తే భార్య ఎదురొచ్చి, ప్రదర్శన తేదీ ప్రకటించారని చెప్పింది. అదీ ఆట రోజే. అందాకా కాయ తీగె మీదే ఉండాలట, ఈ చివరి రోజుల్లోనే అది ఒళ్ళు చేస్తుందట, ఇప్పుడు కోస్తే ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టేనట. ఊరంతా ఆట కబుర్లే అయినా, ఆ రోజుల్లో ఆమె చెవికి కాయ మాట తప్ప ఇంకోటి ఎక్కేది కాదు. కార్యదర్శి అవునవునని తలూపాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాయ కోయమని చెబితే భార్య మనసు విరుగుతుంది. ఆట వదులుకోమని చెబితే పదకొండుమంది కుర్రాళ్ళ గుండెలు, వాటితోపాటు తన కాళ్ళు కూడా విరుగుతాయి. మర్నాడు తెల్లారగానే టేపు పట్టుకుని వెళ్ళి, గోలును కాస్త పక్కకు జరిపితే ఎలా ఉంటుందో కొలిచి చూశాడు. ఒకపక్క గోడ అడ్డొచ్చింది, ఇంకోపక్క మురుగు కాలువ. షాపుకు వచ్చిన ప్లంబరుతో, సొంత మైదానం అంత కలిసొచ్చేది కాదేమో, బయట గెలిచిన జట్టు బయటే ఆడితే మేలేమో అని మెల్లగా అన్నాడు. ప్లంబరు ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, రెండు రోజులు విశ్రాంతి తీసుకోమని చెప్పి వెళ్ళాడు.

ఇంతలో కప్పు కమిటీ నుంచి మైదానం చూడడానికి పరిశీలకుడు వస్తున్నాడని కబురొచ్చింది. భార్యకు ఆ సమయంలో డ్యూటీ ఉంటుంది గనుక, ముందు ఆయనకు ఒక్కడికే చూపించి కాళ్ళో గడ్డమో పట్టుకుని ఏదో ఒకటి చేద్దామని కార్యదర్శి ఆశపడ్డాడు. అనుకున్న రోజున గేటు దగ్గరికి వెళ్తే అక్కడ పరిశీలకుడితోపాటు అన్నగారు, ప్లంబరు, పేపరువాళ్ళు ఫోటో తీస్తారేమోనని ముస్తాబై వచ్చిన వదినగారు వరుసగా నిలబడి ఉన్నారు.

పరిశీలకుడు టార్పాలిన్ల వైపు చూసి, "లోపల ఏదో పెద్దదే దాచినట్టున్నారు" అన్నాడు నవ్వుతూ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత కార్యదర్శి చిన్నప్పట్నుంచీ విన్నదే. దాన్ని అక్షరాలా చేసి చూపించింది మాత్రం ఆ రోజే. తడుముకోవడం అయ్యాక, తాళంచెవి ఇంట్లో మరిచిపోయానన్నాడు. అన్నగారు గేటును ఒక్క తోపు తోశారు. తాళం తీసే ఉంది.

లోపల సగం మైదానం నిండా పచ్చటి తీగెలు. తీగెల మధ్య చాటలంతేసి ఆకులు. పెనాల్టీ కొట్టే చోట, గొడుగు నీడన, ఎండుగడ్డి పరుపు మీద, బోర్లించిన గంగాళమంత గుమ్మడికాయ. దాని పక్కన తెల్ల యూనిఫారంలో నర్సమ్మ నీళ్ళ గొట్టంతో నిలబడి ఉంది. ఇవాళ ఎండ ఎక్కువగా ఉందని డ్యూటీ మార్చుకుని వచ్చిందట.

అన్నగారి ముఖం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. ప్లంబరు గడ్డి ఎక్కడుందోనని నాలుగు వైపులా వెతుకుతున్నాడు. అందరికంటే ముందు కదిలింది వదినగారు. ఆవిడ నేరుగా పాదు దగ్గరికి నడిచి, చిటికెడు మట్టి తీసి నలిపి వాసన చూసి, భర్త వైపు తిరిగి, "ఈ ఎరువు మాదేనండీ" అన్నారు. అన్నగారు ఆకాశంలో మబ్బుల్ని పరిశీలించసాగారు. తీగె లాగితే డొంకంతా కదలడం అంటే అదే.

పరిశీలకుడు తేరుకుని, విజేతల జట్టుతో ఆట జరగవలసింది ఇక్కడేనా అని అడిగాడు. ఆ ప్రశ్న విని నర్సమ్మ చేతిలో గొట్టం కిందకు దిగింది. ఆమె ఎవరి వంకా చూడలేదు, భర్త వంకే చూసింది.

"ఆటలన్నీ బయటేనన్నారుగా?"

"అబద్ధం చెప్పాను" అన్నాడు కార్యదర్శి. "పెరడు ఇస్తా, పెరడు ఇస్తా అని పెళ్ళైనప్పట్నుంచీ చెప్పడమే గానీ ఇచ్చింది లేదు. నీకు నేనిచ్చింది ఈ కాస్త నేలే. ఇచ్చి మళ్ళీ లాక్కోవడానికి మనసొప్పలేదు."

ఆమెకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా ఏడుపు వచ్చింది. రెండూ మింగేసి, ప్లంబరు వైపు చూసింది. ఆ కుర్రాడు తల వంచుకుని బూటుతో నేల గీస్తున్నాడు. పుట్టాక మొదటిసారి గెలుస్తున్నవాడి ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. తనది కూడా ఈ మూడు నెలలూ అలాగే ఉంది.

"ఈ పిల్లలు ఇన్నేళ్ళకి గెలుస్తున్నారు. ఒక్క కాయ కోసం వాళ్ళ నోటి దగ్గర కూడు తీస్తానా?" అని, తీగెలు కత్తిరించే కత్తి తీసుకుని కాయ ముందు కూర్చుంది.

ఆ చేతిని వదినగారు పట్టుకున్నారు. "తొడిమ ముట్టుకోకు. ఇంకా పెరిగే కాయ అది. నీకేమన్నా మతి పోయిందా?" ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. ఎదిగే కాయను అర్ధాంతరంగా కోయడం ఎవరు చేసినా ఆవిడ చూడలేరు, అది ఎవరి కాయైనా సరే.

అప్పుడు పరిశీలకుడు మడమతో నేలను ఒక పోటు పొడిచాడు. బూటు చీలమండ దాకా దిగిపోయింది. దాన్ని పైకి లాక్కుంటూ, కాయ కోసినా కోయకపోయినా ఈ నేల మీద ఆట జరగదని, మైదానం పనికిరాకపోతే ఆటను ఎదుటి జట్టు స్టేడియానికి మార్చాలన్నది నిబంధన అని ప్రకటించాడు.

అన్నగారు తమ్ముడి మీదకు ఒక అడుగు వేశారు. రెండో అడుగు పడేలోగా ప్లంబరు తలెత్తాడు.

"సార్, అంటే మేం ఆ పెద్ద స్టేడియంలో ఆడతామా?"

అంతేగా మరి అన్నాడు పరిశీలకుడు. ప్లంబరు ఒకసారి అప్పు చేసి టికెట్టు కొనుక్కుని ఆ స్టేడియంలో అన్నిటికంటే పై వరుసలో కూర్చుని, కింద చీమల్లా కనబడే ఆటగాళ్ళను చూసి వచ్చాడట. ఆ చీమల మధ్య తనూ ఒక చీమ కావాలని అప్పట్నుంచీ కోరికట. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, కార్యదర్శిని అమాంతం భుజాల మీదకు ఎత్తుకుని మైదానంలో గుమ్మడి లేని సగమంతా తిరిగాడు. రొట్టె విరిగి నేతిలో పడింది. అన్నగారు వేయబోయిన రెండో అడుగును వెనక్కి తీసుకుని, "మావాడు మొదట్నుంచీ ఇదే ఆలోచనలో ఉన్నాడు. నాకు చెప్పే చేశాడు" అని పరిశీలకుడితో అన్నారు. సాయంత్రానికల్లా, కుర్రాళ్ళను పెద్ద స్టేడియానికి చేర్చడం కోసం కార్యదర్శి సొంత మైదానాన్నే దున్నించాడని ఊరంతా చెప్పుకుంది. ఆయన కాదు కాదని ఎంత మొత్తుకున్నా అది అణకువ కింద జమకట్టారు.

ఇంట్లో మాత్రం లెక్క వేరు. భార్య రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు, ఆదివారం మీరు జట్టుతో వెళ్తున్నారు కదా అని గోడకేసి చూస్తూ అడిగింది. లేదు, ప్రదర్శనకు వస్తున్నానన్నాడు. క్లబ్బు పుట్టిన తర్వాత ఆయన మానుకున్న మొదటి కప్పు ఆట అదే. ఆమె లోపలికి వెళ్ళి, రెండు కప్పుల టీ పెట్టుకొచ్చింది.

ఆదివారం పొద్దున కాయను ఎత్తడం ఇద్దరి వల్ల కాలేదు, నలుగురి వల్లా కాలేదు. బస్సెక్కబోతున్న జట్టు మొత్తం దిగి వచ్చి, ఆసుపత్రి స్ట్రెచర్ మీద దాన్ని పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ప్రదర్శన హాలు దాకా మోసుకెళ్ళింది. ఎవరో పోయారనుకుని దారిలో జనం పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టారు. కాయను బల్ల మీద పెట్టాక, మీరు గెలవాలి నర్సమ్మా అని ప్లంబరు చెప్పి పరుగున బస్సెక్కాడు.

జట్టు ఆ మధ్యాహ్నం ఎనిమిది గోల్స్ తిని ఓడిపోయింది. ఆట ముగిశాక స్టేడియమంతా లేచి నిలబడి వాళ్ళకు చప్పట్లు కొట్టిందని, అది విని గోలుకీపరు వెక్కి వెక్కి ఏడ్చాడని తర్వాత తెలిసింది. ఇక్కడ హాల్లో కాయను కాటాకు ఎక్కించేసరికి ముల్లు చివరి గీతకు తగిలి అక్కడే ఆగిపోయింది. న్యాయనిర్ణేతలు వదినగారి కాయను తూచవలసిన అవసరం కూడా లేదన్నారు. నర్సమ్మ మెడలో మొదటి బహుమతి రిబ్బను వేశారు. ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని, నలుగురూ చూస్తున్నారని కూడా మరిచిపోయి, అలాగే నిలబడిపోయింది. కార్యదర్శి కళ్ళజోడు మీద ఆవిరి కమ్మింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తర్వాత అందరూ వదినగారి వైపు చూశారు. ఆవిడ నవ్వలేదు. కాయ చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేసి, దాని అడుగున అంటుకున్న మట్టిని గోటితో గీకి, వేళ్ళ మధ్య నలుపుకుంటూ భర్త దగ్గరికి వచ్చారు.

"ఏమండీ, అవతలి గోలు ముందు కూడా నేల ఇలాగే ఉంటుందా?" అని అడిగారు.

ఇన్నేళ్ళుగా క్లబ్బు అధ్యక్షుడి భార్యగా ఉన్న ఆవిడ బంతాట గురించి వేసిన మొదటి ప్రశ్న అదే.